అప్పడం కేసులో నరసింహమూర్తిగారి గెలుపులు

"ఈ రాష్ట్రంలో వాక్ స్వాతంత్ర్యం ఇంకా బతికుందంటే అది నా గొంతు వల్ల, మూర్తిగారి బుర్ర వల్ల!" అని కుటీర పరిశ్రమల శాఖ మంత్రి హనుమంతరావుగారు తెనాలి లాయర్ల హాల్లో మైకు పట్టుకుని ప్రకటించారు. సరిగ్గా అప్పుడే పోయిన కరెంటు తిరిగొచ్చి ఫ్యాన్లు తిరిగాయి. దాంతో చప్పట్లు రెట్టింపయ్యాయి.

నరసింహమూర్తిగారు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నియమితులైన సందర్భంగా జరిగిన సన్మానం అది. ఆయనకు అరవై ఒకటో ఏడు. ముప్పై ఆరేళ్ళ ప్రాక్టీసులో గట్టు తగాదాలు, గోడ తగాదాలు, కాలువ నీళ్ళ తగాదాలు బోలెడు చూశారు. వాటిలో కొన్ని గెలిచారు, కొన్ని వాయిదాల్లో ఉండగానే కక్షిదారులు రాజీపడిపోయారు. చెప్పుకోదగ్గ గెలుపు మాత్రం ఒక్కటే. అదీ హనుమంతరావుగారిదే.

ఐదేళ్ళ కిందట హనుమంతరావుగారు ప్రతిపక్షంలో ఉండేవారు. రేపల్లె బస్టాండు దగ్గర మీటింగులో అప్పటి మంత్రిని ఉద్దేశించి, "ఈయన మంత్రి కాదు, అప్పడం! చూస్తే పళ్ళెమంత, ముట్టుకుంటే పటపట!" అన్నారు. జనం విరగబడి నవ్వారు. మర్నాడు పరువునష్టం కేసు పడింది. ఎవరూ తీసుకోని ఆ కేసును నరసింహమూర్తిగారు తీసుకున్నారు. తెనాలి సెషన్స్ కోర్టులో మూడు రోజులు ఆగకుండా వాదించారు. రాజ్యాంగం తెరిచారు, పంతొమ్మిదో అధికరణం చదివారు, అప్పడం పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. కేసు కొట్టేశారు. ఆ తీర్పులో పద్నాలుగో పేరా ఆయనకు కంఠతా వచ్చు: "ప్రజాసేవకుణ్ణి అప్పడమనడం విమర్శ అవుతుంది గాని నేరం కాదు. అలా అనిపించుకోవడం ఇష్టంలేనివారు కాస్త గట్టిగా ఉండడం అలవాటు చేసుకోవాలి."

ఆ తర్వాత ఆయన ఏ కేసులో లేచినా పద్నాలుగో పేరా వినిపించేది. దుగ్గిరాల పసుపు వ్యాపారులిద్దరు గోడౌను గోడ గురించి కొట్టుకుంటే అందులోనూ వినిపించింది. "అప్పడం తీర్పు: ఒక న్యాయ పరిశీలన" అని సొంతంగా ఒక పుస్తకం కూడా అచ్చువేయించారు. ఐదువందల కాపీలు వేస్తే పన్నెండు చెల్లాయి. అందులో తొమ్మిది పెళ్ళిళ్ళలో కానుకలుగా చెల్లాయి. మిగతావి మంచం కింద ఉన్నాయి. ఆయన భార్య అనంతలక్ష్మిగారు మాత్రం దాని గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఊడ్చేటప్పుడు చీపురు వాటి దాకా వచ్చి ఆగిపోయేది, అంతే.

హనుమంతరావుగారు మంత్రయ్యారు. చేసిన మేలు మరిచిపోయే మనిషి కాదు. నరసింహమూర్తిగారిని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని చేశారు.

సన్మానమైన మూడో వారంలో మంత్రిగారే స్వయంగా ఫోన్ చేశారు.

"మూర్తిగారూ, నా పరువు పోయిందండి."

"ఎక్కడండీ?"

"రేపల్లెలో. సరోజిని అని ఒకావిడ మెస్సు నడుపుతోంది. బయట నల్లబోర్డు మీద భోజనంలో ఏమేం పెడతారో రోజూ సుద్దముక్కతో రాస్తుందంట. పప్పు, గోంగూర పచ్చడి, సాంబారు అన్నీ రాసి కింద ఏం రాసిందో తెలుసా? 'మంత్రిగారి అప్పడం. చూడ్డానికి పళ్ళెమంత. కడుపు నిండదు.' అని రాసింది. జనం ఫోటోలు తీసి వాట్సాప్‌లో తిప్పుతున్నారు."

నరసింహమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, తమకు తెలియనిదేముంది. అప్పడమనడం నేరం కాదని మనమే గదండీ..."

"అప్పుడు అన్నది నేను. ఇప్పుడు అన్నది నన్ను. తేడా లేదా?"

న్యాయశాస్త్రంలో ఇంత సూక్ష్మమైన తేడా నరసింహమూర్తిగారికి ముప్పై ఆరేళ్ళలో ఎవరూ చెప్పలేదు. "ఉందండి," అన్నారు.

మంత్రుల పరువుకు నష్టం కలిగితే వాళ్ళు కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేదు. ప్రభుత్వం సరేనంటే పబ్లిక్ ప్రాసిక్యూటరే వాళ్ళ తరఫున సెషన్స్ కోర్టులో ఫిర్యాదు దాఖలు చెయ్యొచ్చు. చట్టం అంత దయగలది. నరసింహమూర్తిగారు ఆ దయను ఆరు పేజీలకు సరిపడా టైపు చేయించి దాఖలు చేశారు. నేరం రుజువైతే రెండేళ్ళ దాకా జైలు.

అనంతలక్ష్మిగారు కాఫీ ఇస్తూ, "ఏమండీ, ఆవిడ అలా ఎందుకు రాసిందిట?" అని అడిగారు.

"మెస్సు ముందు డ్రైను కట్టిస్తామని మంత్రిగారు మూడుసార్లు శంకుస్థాపన చేశార్ట. వానొస్తే నీళ్ళు ఇప్పటికీ వంటింట్లోకే వస్తున్నాయిట."

"మరి అది కట్టించేస్తే బోర్డు చెరిపేస్తుందిగా?"

"కేసు వెయ్యడం సులువు," అన్నారాయన. మంత్రిగారి పక్షాన ఆయన చేసిన మొదటి వాదన అది.

సరోజిని తరఫున వకాలతు వేసింది ఆమని. ఏడేళ్ళు నరసింహమూర్తిగారి దగ్గరే జూనియరుగా పనిచేసి, ఆయన ప్రభుత్వంలోకి వెళ్ళాక సొంతంగా బోర్డు పెట్టుకున్న అమ్మాయి. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన ఇంటికొచ్చి వరండాలో కూర్చుంది.

"సార్, ఐదేళ్ళ కిందటి తీర్పు నకలు కావాలండి. కోర్టులో దరఖాస్తు పెట్టాను గానీ ఆ ఫైలు దొరకడం లేదంటున్నారు. మీ దగ్గర ఉంటుంది కదా అని వచ్చాను."

"ఆమనీ, నేనిప్పుడు ఎవర్ని?"

"పబ్లిక్ ప్రాసిక్యూటర్ అండి."

"ముద్దాయి తరఫు లాయరుకి నేను ఆయుధం అందించొచ్చా?"

"లేదండి."

"మరి ఎలా అడిగావు?"

ఆమని లేచి చెప్పులు వేసుకుంది. "పోనీలెండి సార్. మీ పుస్తకంలో మొత్తం తీర్పు అచ్చు వేయించారుగా, అది ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తాను."

ఆ పుస్తకం కావాలని ఒక మనిషి తనంతట తాను నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. నరసింహమూర్తిగారు లోపలికి వెళ్ళారు. మంచం కింద ఏదో జరిపిన చప్పుడైంది. దుమ్ము తుడిచిన కాపీ ఒకటి పట్టుకొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీలో "చిరంజీవి ఆమనికి ఆశీస్సులతో" అని రాసి సంతకం చేశారు.

"ఇది ఆయుధం కాదు, సాహిత్యం," అన్నారు గంభీరంగా. "ఇంకెవరికైనా ఇవ్వదలుచుకుంటే మరో రెండు తీసుకెళ్ళు."

వాయిదా రోజున సరోజిని రేపల్లె ప్యాసింజరులో తెనాలి వచ్చింది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. కోర్టు వరండాలో నరసింహమూర్తిగారు ఎదురైతే నమస్కారం పెట్టింది.

"అన్నయ్యగారూ, నన్ను జైల్లో పెట్టిస్తానంటున్నది తమరేనా?"

"నేను కాదమ్మా, ప్రభుత్వం. నేను దాని తరఫున మాట్లాడతాను."

"అట్లాగా. దానికి నోరు లేదా అండీ?"

ఆవిడే మళ్ళీ, "మధ్యాహ్నం అన్నం తిన్నాక మాట్లాడుదురుగానిలెండి. మామిడికాయ పప్పు తెచ్చాను," అంది. వద్దనడానికి చట్టంలో ఏ సెక్షన్ ఉందా అని ఆయన ఆలోచించారు. దొరకలేదు. తిన్నారు. పప్పు చాలా బాగుంది. ఆ మాట ఆయన రికార్డులోకి రానివ్వలేదు.

మొదటి సాక్షి రేపల్లె ఎస్సై దావీదు. బోర్డును ఫోటో తీసింది తనేనని చెప్పాడు. ఆమని క్రాస్ మొదలుపెట్టింది.

"బోర్డు మీద మంత్రిగారి పేరుందా?"

"లేదండి."

"ఊరి పేరు?"

"లేదండి."

"ఏ శాఖ మంత్రో రాసుందా?"

"లేదండి."

"రాష్ట్రంలో అంతమంది మంత్రులుండగా ఇది హనుమంతరావుగారేనని మీకెలా తెలిసింది?"

దావీదు నిజాయితీపరుడు. "కడుపు నిండదు అని చదవగానే తెలిసిపోయిందండి," అన్నాడు.

హాల్లో ఎవరో దగ్గినట్టు నవ్వారు. జడ్జిగారు తలెత్తకుండానే ఆ జవాబు రాసుకున్నారు. నరసింహమూర్తిగారు లేవబోయి, ఏ కారణం మీద లేవాలో తెలియక కూర్చున్నారు.

తర్వాతి వాయిదాకి మంత్రిగారే వచ్చి సాక్ష్యమిచ్చారు. చట్టం ముందు అందరూ సమానమేనని నిరూపించడానికి తొమ్మిది కార్లలో మాత్రమే వచ్చారు. ఆమని చేతిలో నరసింహమూర్తిగారి పుస్తకం ఉంది.

"ఐదేళ్ళ కిందట ఇదే కోర్టులో ప్రమాణం చేసి, 'అప్పడం అనేది తిట్టు కాదు, మా ఇంట్లో రోజూ తింటాం, అది గౌరవనీయమైన పదార్థం' అని మీరే చెప్పారు. నలభై రెండో పేజీ. నిజమేనాండీ?"

"నిజమేనమ్మా."

"మరి ఇవాళ అదెలా పరువునష్టమైంది?"

మంత్రిగారు, "అప్పుడు తినేవాణ్ణమ్మా. ఇప్పుడు బీపీ," అన్నారు.

వెంట వచ్చిన వాళ్ళు చప్పట్లు కొట్టారు. జడ్జిగారు వాళ్ళను బయటికి పంపించేశారు.

చివరి వాదనల రోజు వచ్చింది. నరసింహమూర్తిగారు ముందురోజంతా తన పుస్తకాన్నే ముందేసుకుని, ఐదేళ్ళ కిందటి తన వాదనల్లో ఎక్కడెక్కడ బొక్కలున్నాయో వెతికారు. విచారకరమైన సంగతేమిటంటే, చాలా దొరికాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా ప్రాసిక్యూటర్‌గా సంతోషించి, రచయితగా నిట్టూర్చారు.

కోర్టులో లేచి మొదలుపెట్టారు. ఆ రోజు ఆయన వాదించినంత బాగా తెనాలిలో ఇటీవలి కాలంలో ఎవరూ వాదించలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"యువర్ ఆనర్, ఆనాటి అప్పడం రాజకీయ సభలో పుట్టింది. ఈనాటి అప్పడం వ్యాపార స్థలంలో పుట్టింది. ఆనాడు చెప్పింది నోటితో, గాలిలో కలిసిపోయింది. ఈనాడు రాసింది సుద్దతో, రోజూ కనిపిస్తోంది. ఆనాటి అప్పడం పటపటలాడుతుందన్నారు, అంటే అది పాలనాశైలి మీద విమర్శ. ఈనాటిది కడుపు నింపదన్నారు, అంటే ఏకంగా పదవి ప్రయోజనాన్నే ప్రశ్నించడం. పైగా ఆనాటి వక్త దానికి ధర పెట్టలేదు. ఈ ముద్దాయి దాన్ని భోజనంతోపాటు వడ్డిస్తోంది. అంటే మంత్రిగారిని తినడానికి ప్రజలను ప్రోత్సహించడమే!"

జడ్జిగారు కలం కింద పెట్టారు. ముందుకు వంగి వినసాగారు. ఆమని ముఖంలో రంగు తగ్గింది. గురువుగారి దగ్గర ఏడేళ్ళున్నా ఈ నరసింహమూర్తిగారిని ఆ అమ్మాయి చూడలేదు. బోనులో సరోజినికి ఈ వాదన మొత్తం అర్థం కాలేదు. కానీ జడ్జిగారు తల ఊపుతున్నారన్న సంగతి అర్థమైంది. ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"పీపీగారూ," అన్నారు జడ్జిగారు, "మీ వాదనలో బలం ఉంది. అయితే ఒక అడ్డంకి ఉంది. పాత తీర్పులో పద్నాలుగో పేరా. అది తప్పని మీరు అంగీకరిస్తే నా పని తేలికవుతుంది. తప్పేనంటారా?"

నరసింహమూర్తిగారు గెలుపు అంచున నిలబడి ఉన్నారు. ఒక్క మాట చాలు. ఆయన నోరు తెరిచారు.

"ఆ పేరా..." అన్నారు. మంచినీళ్ళు తాగారు. "ఆ పేరా..."

బోను వైపు చూశారు. సరోజిని ఆయన వైపే చూస్తోంది. ఆవిడ చూపులో కోపం లేదు. వడ్డించిన అన్నం తినకుండా లేచిపోయేవాణ్ణి చూసినట్టు చూస్తోంది. ఆమని చేతిలో ఆయన పుస్తకం, దాని నిండా పచ్చ కాగితాల గుర్తులు. ఆ పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషి భూమ్మీద ఆ అమ్మాయి ఒక్కతే.

"అబ్జెక్షన్, యువర్ ఆనర్!" అన్నారు నరసింహమూర్తిగారు.

జడ్జిగారు ఆమని వైపు చూశారు. "ఆవిడ ఏమీ అనలేదే. ఎవరి మీదండీ అబ్జెక్షన్?"

"ప్రాసిక్యూషన్ మీదండి."

"ప్రాసిక్యూషన్ మీరేకదా?"

"అవునండి. అరగంట నుంచి వింటున్నాను. ప్రాసిక్యూషన్ వారు పద్నాలుగో పేరాను వక్రీకరిస్తున్నారు. సుద్దతో రాస్తే ఒక హక్కు, నోటితో చెబితే ఒక హక్కు అని రాజ్యాంగంలో లేదు. సభలో నవ్వితే ప్రజాస్వామ్యం, మెస్సులో నవ్వితే నేరం అని కూడా లేదు. ఆ వాదన నిలబడదు."

"ఆ వాదన చేసింది మీరే."

"అందుకే అంత బాగా తెలుసండి, నిలబడదని."

ఆమని లేచి, "డిఫెన్సు ప్రాసిక్యూషన్‌తో ఏకీభవిస్తోంది, యువర్ ఆనర్," అంది. కూర్చోబోతూ, "రెండో ప్రాసిక్యూషన్‌తో," అని సరిచేసింది.

వారం తర్వాత కేసు కొట్టేశారు. కొత్త తీర్పు పాత తీర్పు కంటే పొడుగ్గా ఉంది. పద్నాలుగో పేరా మొత్తం అందులో యథాతథంగా ఉంది. తీర్పు చదువుతున్నంతసేపూ నరసింహమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నారు. కేసు ఓడిపోయిన ప్రాసిక్యూటర్ ఆనందంతో కళ్ళు తుడుచుకోవడం బాగుండదని, మధ్యమధ్య తల అడ్డంగా ఆడించారు.

వరండాలో సరోజిని ఆయన చేతులు పట్టుకుంది. "మీరు ఎవరి తరఫునో చివరిదాకా తెలియలేదు అన్నయ్యగారూ."

"నాకూ తెలియలేదమ్మా," అన్నారాయన.

ఇంటికెళ్ళి అనంతలక్ష్మిగారితో, "ఉద్యోగం పోయినట్టే," అన్నారు. ఆవిడ వెళ్ళి, నల్లకోటు ఉతకడానికి తీసి పెట్టారు. సాయంత్రం ఐదింటికి ఫోన్ మోగింది. నరసింహమూర్తిగారు నిలబడి మాట్లాడారు. మంత్రిగారి ఫోన్ ఆయన ఎప్పుడూ అలాగే మాట్లాడతారు.

"మూర్తిగారూ! అదరగొట్టారండి!"

"అయ్యా, కేసు పోయింది..."

"ఎవరిది పోయింది? పాత కేసులో నాకు అప్పడం హక్కు గెలిచిపెట్టారు. కొత్త కేసులో ఏం చేశారు? అదే హక్కుని మళ్ళీ గెలిచారు. ఒకే హక్కుని రెండుసార్లు గెలిచిన మంత్రి దేశంలో ఇంకొకడున్నాడా? నా పరువుని కూడా లెక్కచెయ్యకుండా నా ప్రాసిక్యూటర్‌తోనే వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడించానని ప్రెస్ నోట్ ఇచ్చేశాం. పేపర్లు చూడండి."

పేపర్లలో వచ్చింది. బాపట్లలో కలెక్టరాఫీసు రోడ్డు నిండా ఫ్లెక్సీలు కట్టారు. వాటి మీద మంత్రిగారు ఒక చేత్తో రాజ్యాంగం, మరో చేత్తో అప్పడం పట్టుకుని నవ్వుతున్నారు. కింద మూల చిన్నగా నరసింహమూర్తిగారి ఫోటో కూడా వేశారు. పాస్‌పోర్టు ఫోటో దొరక్కపోవడం వల్ల పెళ్ళిఫోటోలోంచి కత్తిరించారు. బాసికం కనిపిస్తోంది.

ఆదివారం మంత్రిగారు కెమెరాలతో సహా రేపల్లె వెళ్ళి సరోజిని మెస్సులో భోంచేశారు. డాక్టరు పక్కనుండగా అప్పడం విరిచి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "విమర్శను ఆరగించినవాడే నాయకుడు," అన్నారు. సరోజిని ఆయన్ని వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్ళి, వాననీళ్ళు ఎంత ఎత్తు దాకా వచ్చాయో గోడ మీద మరక చూపించింది. మంత్రిగారు ఆ మరక పక్కన నిలబడి ఫోటో దిగారు.

అక్కడే, చెయ్యి కడుక్కోకముందే, కొత్త పథకం ప్రకటించారు. పేరు 'మంత్రిగారి అప్పడం'. జిల్లాలో అప్పడాలు ఒత్తే మహిళా సంఘాలకు ప్రోత్సాహం. వాక్ స్వాతంత్ర్యానికి గుర్తుగా ప్రతి హోటలు, ప్రతి మెస్సు, ప్రతి టిఫిన్ సెంటరు తమ బోర్డు మీద ఆ రెండు మాటలూ రాయాలి. కడుపు సంగతి రాయనక్కర్లేదు. ఉత్తర్వులు మూడోరోజున వచ్చాయి. నరసింహమూర్తిగారికి రెండో శాలువా కప్పారు. పుస్తకం మిగిలిన కాపీలన్నీ పథకం కింద శాఖవారే తీసుకెళ్ళారు. అనంతలక్ష్మిగారు మంచం కింద మొదటిసారి తడిగుడ్డ పెట్టి తుడిచారు.

నెల తిరిగింది. నరసింహమూర్తిగారు ఆఫీసులో కూర్చుని, కొత్త తీర్పుతో కలిపి పుస్తకం రెండో ముద్రణకు ముందుమాట రాసుకుంటున్నారు. దావీదు వచ్చి సెల్యూట్ కొట్టి బల్ల మీద ఒక ఫైలు పెట్టాడు. పైన ముద్దాయి పేరు కనిపించి ఆయన కలం ఆగింది.

"మళ్ళీ సరోజినిగారేనా?"

"అవునండి సార్. రేపల్లెలో అందరూ రాశారండి. బజ్జీల బండివాడు కూడా రాశాడు. ఈవిడొక్కతేనండి. పైనుంచి ఒకటే ఫోన్లు. మీరు వెంటనే కోర్టులో వెయ్యాలంటున్నారు."

నరసింహమూర్తిగారు ఫైలు విప్పారు. అందులో నల్లబోర్డు ఫోటో ఉంది. దాన్ని వెలుతురులోకి పెట్టి చూశారు. తిప్పి వెనక చూశారు. మళ్ళీ ముందుకు తిప్పారు.

"ఏం రాసిందయ్యా ఈసారి?"

"ఏమీ రాయలేదండి," అన్నాడు దావీదు. "అదేనండి కేసు."